నీటిలోని పురుగుమందులు, నానో కణములు: ఒక విమర్శ

నీరు తేటగా నున్నంత మాత్రమున త్రాగదగినదని చెప్పుటకు వీలులేదు. మట్టి కంటికి కనబడును. ఉప్పు నాలుకకు తెలియును. కుళ్ళు ముక్కునకు తెలియును. కాని లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము, అనగా గ్రాములో పదిలక్షవ వంతు పురుగుమందు కలిసియున్నచో దానిని కనిపెట్టుటకు మన ఇంద్రియములలో నొక్కటియు పనికిరాదు. ఇట్టి నీటిని శుద్ధిచేయుటకు నానో పదార్థములు సాధనములని గత ఇరువదేండ్లుగా పరిశోధన పత్రములు, వాటిననుసరించి పత్రికలలో వ్యాసములు వెలువడుచున్నవి. చదివిన విద్యార్థికి సమస్య తీరినదనియే తోచును. ఈ వ్రాతలలో చెప్పినదెంత, చెప్పక విడిచినదెంత అను విషయమును జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పరిస్థితులను దృష్టియందుంచుకొని పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేల, పంట, నీరు

2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడువరకు ఈ మూడు జిల్లాలలో ఎక్కువభాగము వరంగల్లు జిల్లాలోనిదే. ఇచట ప్రత్తి, మిరప, వరి ముఖ్యమైన పంటలు. బయ్యారము చెరువు, గణపురము చెరువు మొదలుగా కాకతీయులనాటి చెరువులు నేటికిని నీరిచ్చుచున్నవి. చెరువు ఉన్న ప్రాంతమున నీటి నడక ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. ఎగువ చేలపై కురిసిన వాన వాగై చెరువున చేరును. చెరువు నీరు భూమిలోనికి ఇంకి దిగువ బావులకు, బోర్లకు ఊటయగును. చేనుపై చల్లినది చివరకు నీటిని చేరుటకు ఇంతకంటె దగ్గర త్రోవ వేరొకటి లేదు.

1997-98లో పొగాకు లద్దెపురుగు విజృంభించి వరంగల్లు జిల్లాలో ప్రత్తి పంటను నాశనము చేసినది. ఎన్నిసార్లు మందు చల్లినను పురుగు చావలేదు. అప్పు మాత్రము పెరిగినది. ఆ యేడు అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆనాటి నుండి పురుగుమందు ఈ ప్రాంతమున కేవలము వ్యవసాయ విషయము కాదు. కనుక నీటిలో దానిని తొలగించు సాధనమును గూర్చి వచ్చు ప్రతి వార్తను ఇచటి వారు ఆశతో చదువుదురు. ఆ ఆశయే మనము జాగ్రత్తగా పరిశీలించుటకు కారణము.

మొదట గమనింపవలసినది పురుగుమందు అను నొక పదార్థము లేదు. ఆ పేరుతో పిలువబడునవి అనేక రసాయనములు. డి.డి.టి. నీటిలో దాదాపు కరుగదు. క్లోరిపైరిఫాసు లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రామునకు లోపుగనే కరుగును. మట్టిని అంటిపెట్టుకొని, మట్టితోబాటు వాగులో కొట్టుకొనిపోవును. ఇమిడాక్లోప్రిడు లీటరులో సుమారు 600 మిల్లీగ్రాములు, కలుపుమందైన గ్లైఫోసేటు సుమారు 10 గ్రాములు కరుగును. మోనోక్రోటోఫాసు నీటిలో ఎంతయైనను కలియును. ఇన్ని విధములైన స్వభావములు గల వస్తువులను ఒకే జల్లెడ పట్టునని చెప్పువారిని, ఏ మందును పట్టునని అడుగుట న్యాయము.

నానో కణము బలమెచట?

నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. పదార్థమును ఇంత సూక్ష్మముగా చేసినచో జరుగునదేమో తరగతిలో లెక్కగట్టి చూపవచ్చును. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక నానోమీటరు భుజము గల చిన్న ఘనములుగా కోసితిమని భావింతము. పదార్థము పెరుగలేదు, ఉపరితలము మాత్రము కోటిరెట్లయి 6,000 చదరపు మీటర్లగును. అనగా ఇంచుమించు 1 ఎకరము 19 గుంటలు. చక్కెర బిళ్ళంత వస్తువులో ఎకరమున్నర నేల దాగియున్నదన్నమాట. రసాయన చర్య ఉపరితలముననే జరుగును గనుక నానో కణముల శక్తికి ఇదియే మొదటి కారణము. ఇంత చిన్న కణములలో అంచులయందు, మూలలయందు నిలిచిన పరమాణువుల పాలు హెచ్చుట రెండవ కారణము. లోపలి పరమాణువు అన్ని వైపుల తోటివానితో బంధింపబడి యుండగా అంచునగల పరమాణువు కొత్త బంధమునకు చేయి చాచియుండును.

ఈ గుణమును పురుగుమందుల విషయమున ఉపయోగించినవారిలో మదరాసు ఐ.ఐ.టి. ఆచార్యులు తలప్పిల్ ప్రదీప్ ముఖ్యులు. ఆయనయు, ఎ. శ్రీకుమారన్ నాయరును 2003లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పత్రమును ప్రకటించిరి. వెండి, బంగారు నానో కణములు కార్బన్ టెట్రాక్లోరైడు వంటి పదార్థముల నుండి క్లోరిన్‌ను ఊడబెరికి లోహ క్లోరైడుగ మార్చుననియు, మిగిలిన కర్బనము నల్లని పొడిగ పడిపోవుననియు అందు చూపిరి. అదే యేడు బంగారు కణములపై ఎండోసల్ఫాను చేరుటను గమనించిరి. పిమ్మట క్లోరిపైరిఫాసు, మలాథియానులను కూడ అల్యూమినా వంటి ఆధారముపై నిలిపిన వెండి, బంగారు కణములతో నీటినుండి తీసిరి. 2007లో ఈ విధానమును గ్రహించి యురేకా ఫోర్బ్సు సంస్థ గృహోపయోగమునకు ఒక జలశోధనిని విపణిలో ప్రవేశపెట్టినది. మన దేశపు ప్రయోగశాలలో పుట్టిన భావము నాలుగేండ్లలో వంటయింటికి చేరుట సామాన్య విషయము కాదు.

ఆ కాలమును గూడ జ్ఞాపకముంచుకొనవలయును. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సీసాలలో అమ్ముడగు నీటిలో పురుగుమందులున్నవని ప్రకటించినది. దేశమంతట అలజడి పుట్టినది. సీసా నీటిలో ఏ ఒక్క మందును లీటరునకు 0.0001 మిల్లీగ్రామును, అన్నియు కలిసి 0.0005 మిల్లీగ్రామును మించరాదను కఠిన నియమము అటుపిమ్మట వచ్చినది. అట్టి సమయమున వచ్చిన పరిశోధన గనుకనే దానికంత ప్రఖ్యాతి కలిగినది. ఇంతవరకు ప్రశంస. ఇక విమర్శకు వత్తము.

విరుగుట వేరు, పోవుట వేరు

ప్రజల కొరకు వ్రాయబడిన వ్యాసములలో నానో కణములు విషమును నాశనము చేయునని తరచుగా చదువుదుము. ఈ మాట సగమే నిజము. ప్రదీప్ బృందమే 2012లో ప్రకటించిన మరియొక పత్రము ఇందుకు సాక్ష్యము. వెండి, బంగారు కణములపై క్లోరిపైరిఫాసు రెండు ముక్కలగునని వారే చూపిరి. అందొకటి ట్రైక్లోరోపిరిడినాల్, రెండవది డైయీథైల్ థయోఫాస్ఫేటు. మొదటి దానిలో క్లోరిన్ పరమాణువులు మూడును అట్లే యున్నవి. అంతేకాదు, అది తల్లి పదార్థము కంటె నీటిలో ఎక్కువగా కరుగును. కాబట్టి జలశోధనిని పరీక్షించువాడు క్లోరిపైరిఫాసు మాయమైనదని చూచి సంతసించిన చాలదు. ఆ ముక్క వడపోతలో నిలిచినదా, నీటితో దిగినదా అనియు చూడవలయును. పరిశోధకులు నిజాయితీగ వ్రాసిన ఈ విషయము ప్రచార వ్యాసములలో జారిపోయినది.

రెండవది వెండి ఖర్చు. 2003 పత్రము శీర్షికలో ఉత్ప్రేరక విధ్వంసమను మాట కలదు. ఉత్ప్రేరకమనగా తాను మార్పు చెందక చర్యను జరిపించునదని మనము పదవ తరగతిలో బోధింతుము. కాని వెండి క్లోరైడుగ మారిన వెండి తిరిగి వెండి కాదు. ఒక కార్బన్ టెట్రాక్లోరైడు అణువునకు నాలుగు వెండి పరమాణువులు కావలయును; బరువులలో చెప్పినచో గ్రామునకు సుమారు 2.8 గ్రాములు. నీటిలోని విషము మైక్రోగ్రాములలోనే యుండును గనుక ఈ ఖర్చు భయపడదగినంత కాదు. కాని ఏది ఉత్ప్రేరకము, ఏది చర్యలో పాల్గొని ఖర్చగు పదార్థము అను భేదమును విద్యార్థి ఇచట గ్రహింపవలయును.

ఏ నీరు?

మూడవ ప్రశ్న మరింత ముఖ్యమైనది. ప్రయోగశాలలో సాధారణముగ శుద్ధజలములో ఒక మందును కలిపి పరీక్షింతురు. జనగామ బోరునీరు శుద్ధజలము కాదు. దానిలో కాల్షియము, బైకార్బనేటులు, క్లోరైడులు, కొన్ని గ్రామములలో ఫ్లోరైడు కూడ నుండును. చెరువు నీటిలో ఆకులు కుళ్ళి పుట్టిన సేంద్రియ పదార్థముండును. త్రాగునీటిలో క్లోరైడు లీటరునకు 250 మిల్లీగ్రాములవరకు మంచిదేయని భారత ప్రమాణము. ఒక బావిలో 100 మిల్లీగ్రాములే యున్నదనుకొందము. పురుగుమందు 1 మైక్రోగ్రామున్నచో, ఒక మందు పాలునకు లక్షపాళ్ళ క్లోరైడు కణము చుట్టు మూగియున్నది. నీటిలో కరగిన ఆమ్లజని సమక్షమున వెండి ఉపరితలముపై క్రమముగా క్లోరైడు పొర ఏర్పడవచ్చును. సేంద్రియ పదార్థము ఆ ఎకరమున్నర నేలను ముందుగనే ఆక్రమించును. సంతలో వేయిమంది నడుమ ఒక మనిషిని వెదకుటకును, ఖాళీ గదిలో వెదకుటకును గల భేదమే ఇది. కావున ఏ పత్రమైనను సహజజలముతో పరీక్ష జరిపినదా అని మొదట చూడవలయును.

గొప్ప సంఖ్యలు చూచినపుడును ఇట్టి జాగ్రత్తయే అవసరము. 2013లో అదే బృందము గ్రాఫీనును పరీక్షించి, ఒక గ్రాము గ్రాఫీను సుమారు 1,200 మిల్లీగ్రాముల వరకు క్లోరిపైరిఫాసును పట్టగలదని ప్రకటించినది. తన బరువు కంటె హెచ్చు బరువును మోయుట ఆశ్చర్యమే. కాని అధిశోషణములో, అనగా ఉపరితలముపై పదార్థము అంటుకొను క్రియలో, పట్టు మొత్తము నీటిలోని గాఢతను బట్టి మారును. గాఢత తగ్గినకొలది పట్టును తగ్గును. లీటరునకు మైక్రోగ్రాములున్న బావినీటికి ఆ పెద్ద సంఖ్యను యథాతథముగ అన్వయింపరాదు. మరియు చిరకాలముగా వాడుకలోనున్న ఉత్తేజిత బొగ్గుతో పోల్చి చూపని ఫలితము అసంపూర్ణము. బొగ్గే చాలుచోట వెండి యెందులకు? నానో కణములను బొగ్గుపై పూసినపుడు పని చేసినది కణమా, బొగ్గా? ఒట్టి బొగ్గుతో జత పరీక్ష లేనిదే జవాబు రాదు.

నాలుగవది, ఒక మందుపై వచ్చిన ఫలితము మరియొక దానికి చెల్లదు. వెండి బంగారములకు గంధకము, క్లోరిన్‌లపై మక్కువ. ఎండోసల్ఫానులో ఆ రెండును కలవు, క్లోరిపైరిఫాసులోను కలవు. గ్లైఫోసేటులో ఒక్కటియు లేదు. 2011 మే నెలలో సుప్రీము కోర్టు ఉత్తర్వుతో ఎండోసల్ఫాను మన దేశమున నిలిచిపోయినది. 2002లో బి.టి. ప్రత్తి వచ్చిన పిమ్మట కాయతొలుచు పురుగు మందులు తగ్గి, రసము పీల్చు పురుగుల మందులు ముందునకు వచ్చినవి. అనగా జల్లెడ నిన్నటి విషమునకు నేయబడినది. చేను నేటి విషమును వాడుచున్నది.

జల్లెడ నిండినదని ఎవరు చెప్పుదురు?

మట్టి వడపోత మూసికొనిపోయిన నీరు దిగదు, ఇల్లాలికి తెలియును. నానో శోధని నిండినపుడు నీరు మునుపటివలెనే ధారాళముగ, తేటగా దిగుచుండును. విషము మాత్రము ఆగదు. దీనిని తెలిసికొనుటకు గ్యాస్ క్రోమటోగ్రాఫు వంటి యంత్రము గల ప్రయోగశాల కావలయును. గ్రామమున అది యుండదు. ఇన్ని లీటర్లకు గుళిక మార్చుమని సంస్థ సూచించును. కాని ఆ లెక్క ఏ నీటికి కట్టినది? మార్చుటకు డబ్బెవరిది? తీసిన గుళికను పెంటకుప్పపై పారవేసినచో పట్టిన విషము మరల ఏ దారిని పోవును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము రసాయన శాస్త్రములో లేదు. అందుచేతనే శాస్త్ర వ్యాసములు వీనిని విడిచిపెట్టును. కాని పల్లెలో పరికరము జయాపజయములు వీనిపైననే ఆధారపడియుండును.

పరిమాణములను గూడ ఒకసారి లెక్కింతము. ఎకరమునకు 20 శాతపు క్లోరిపైరిఫాసు అర లీటరు చల్లిరనుకొందము. అసలు విషము సుమారు 100 గ్రాములు. అందు నూటికి ఒక వంతు, అనగా 1 గ్రాము నీటిని చేరినదని భావింతము. త్రాగునీటిలో దీనికి భారత ప్రమాణము లీటరునకు 30 మైక్రోగ్రాములు. ఆ హద్దు వరకు 1 గ్రాము 33 వేల లీటర్లను చెరుపగలదు. సీసా నీటి నియమము ప్రకారమైతే కోటి లీటర్లు; అనగా ఎకరము వైశాల్యము, రెండున్నర మీటర్ల లోతు గల నిండు కుంట. గ్రాము మందును సీసాలో ఆపుట చిటికెలో పని. దానినే కోటి లీటర్ల నీటినుండి ఏరుటకు ఎంత నీటిని ఎన్ని వడపోతల గుండ నడుపవలయునో పాఠకులే ఊహింపగలరు. వెండి చౌకయే కావచ్చును; చెదరినదానిని ప్రోగుచేయుట మాత్రము చౌక కాదు.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అను సామెత మన పెద్దలది. జనగామ జిల్లా లింగాల ఘనపురము మండలములోని ఏనెబావి ఈ సామెతను ఆచరించి చూపిన పల్లె. ఆముదపు చేలపై ఎర్రగొంగళి పురుగును ఊరంతయు కలిసి మంటలు, దీపపు ఎరలతో ఎదుర్కొనుటతో మొదలై, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో 2006 నాటికి ఊరి సేద్యమంతయు రసాయనములు లేనిదని ప్రకటించుకొనగలిగినది. వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎరపంటలుగ బంతి, ఆముదము మున్నగునవి వారి సాధనములు. ఇందు నానోమీటరు లేదు. కాని కీటకముల జీవితచక్రమును గూర్చిన పరిజ్ఞానము కలదు. అదియు విజ్ఞాన శాస్త్రమే. మందు చల్లువాని ఒంటికి చర్మము ద్వారా, ఊపిరి ద్వారా చేరు విషమును ఏ జలశోధనియు ఆపజాలదు; ఈ మార్గము ఆపును.

అట్లని నానో పరిశోధన వ్యర్థమనుట తప్పు. ఊరందరును ఒక్కనాడే మందు మానరు. మానినను నేలలో, చెరువు బురదలో నిలిచినది వెంటనే పోదు. అడుసు త్రొక్కినవాడు కాలు కడుగుకొనవలసినదే. పైగా పటిక, ఇసుక వడపోతలు నీటిలో కరగిన మందును అంతగా తీయలేవు. క్లోరిన్ కొన్నిటిని మరింత విషముగ మార్చును. క్లోరిపైరిఫాసు దానివలన ఆక్సాను రూపమును పొందును. కనుక పరిశోధన సాగవలసినదే. నా అభిప్రాయమున ఇందు ఎక్కువ విలువైనది తొలగించుట కాదు, కనిపెట్టుట. 1857లో ఫారడే చూపిన ఎర్రని బంగారు ద్రవము ఎండోసల్ఫాను చేరినపుడు నీలిరంగునకు మారుట 2003 పరిశోధనలో కనబడినది. అది మిలియనులో కొన్ని వంతుల గాఢత వద్ద కనబడినది. త్రాగునీటిలో ఎండోసల్ఫానునకు హద్దు లీటరునకు 0.4 మైక్రోగ్రాము, అనగా దానికి వేలవంతు దిగువ. ఆ దూరమును దాటి, పంచాయతీ కచేరిలోనో పాఠశాలలోనో రంగు చూచి నీటి మంచిచెడ్డలు చెప్పగల పరీక్ష వచ్చిననాడు మూడు జిల్లాలకును అది జలశోధని కంటె పెద్ద మేలు చేయును. చూడలేని శత్రువును చూపించునది ఆయుధము కంటె ముందు కావలసినది.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఈ విమర్శలోని ముఖ్యాంశములను ఉపాధ్యాయులు పురుగుమందును తాకకయే చూపవచ్చును. అసలు మందుతో ప్రయోగములు ఎన్నడును చేయరాదు. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, తలక్రిందులుగ నిలిపి, మూతివద్ద దూదినుంచి, సమానముగ తూచిన బొగ్గుపొడిని నింపవలయును. ఉత్తేజిత బొగ్గు దొరకిన మేలు; లేనిచో కట్టెబొగ్గును నూరి కడిగి వాడవచ్చును. మొదటి దానిలో లీటరు నీటికి కొన్ని చుక్కల సిరా కలిపి కొంచెము కొంచెముగ పోయవలయును. తొలుత తెల్లని నీరు దిగును. ఎన్నవ గ్లాసుతో రంగు బయటపడినదో వ్రాసికొనవలయును. రెండవ సీసాలోని బొగ్గుపై ముందుగ పలుచని తేనీటిని పలుమారులు పంపి, మంచినీటితో కడిగి, పిమ్మట అదే సిరానీరు పోయవలయును. రంగు ఇచట ముందుగనే బయటపడును. చెరువు నీటిలోని సేంద్రియ పదార్థము చేయు పని ఇదియే. సిరా కనుక మనకు జల్లెడ నిండినట్లు కంటికి కనబడినది. మందైనచో కనబడదని విద్యార్థుల చేతనే చెప్పింపవలయును.

ఇకపై ఏ నూతన పదార్థము నీటిని శుద్ధిచేయునని చదివినను విద్యార్థి ఈ ప్రశ్నలను అడుగవలయును: ఏ మందు? ఎంత గాఢత? ఏ నీరు? ఒట్టి బొగ్గుతో పోల్చిరా? విరిగిన ముక్కలేమైనవి? నిండినదని తెలియుటెట్లు? నిండినదానిని ఏమి చేయుదురు? వీనికి జవాబున్న పత్రమును గౌరవింపవలయును. జవాబు లేనిదానిని పరిశోధన ఇంకను సాగుచున్నదని గ్రహింపవలయును. మన చెరువులకు కావలసినది ఆశ కాదు, పరీక్షకు నిలిచిన సత్యము. ఆ పరీక్షను నేర్పుట పాఠశాల పని.